పెట్టెలో ఉండకూడని ముక్క

ఆదివారం

మామయ్య గారికి, అత్తయ్య గారికి,

ఇద్దరికీ నమస్కారం. ఈ ఉత్తరం అత్తయ్య గారి చేతికి ముందు వస్తే, మామయ్య గారిని కుర్చీలో కూర్చోబెట్టి అప్పుడు ఇవ్వండి.

మీ అమ్మాయి కంప్యూటరు పాడుచేశాను.

మామయ్య గారూ, ఫోనులో మీకు వినపడదు కనక రాస్తున్నానని మొదలుపెట్టబోయాను. అది సగమే నిజం. మీ చెవులు బాగున్నా ఈ మాట నోటితో చెప్పేవాణ్ని కాదు. కాగితం నయం. రాస్తూ మధ్యలో ఆగినా ఎవరికీ తెలియదు.

శుక్రవారం వేసి చూస్తే బాగానే పనిచేసింది. నిన్న పొద్దున తన గదిలో కూర్చుని సీపీయూ పెట్టె పక్క రేకు విప్పాను. లోపల దుమ్ము అట్టలు కట్టి ఉంది. బ్లోయరుతో ఊదాను. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ తుడిచాను. పెద్ద కార్డు ఊడదీసి తుడిచి మళ్లీ పెట్టాను. వైర్లన్నీ చిక్కుపడి గూడులా ఉంటే విడదీసి, వరసగా సర్ది, కట్టలు కట్టాను. మీకు నా సంగతి తెలుసు. మందుల కంపెనీలో ప్యాకింగు తనిఖీ చేసేవాణ్ని. అట్టపెట్టె మూత వంకరగా ఉంటే నాకు అన్నం సహించదు. అంతా అయ్యాక రేకు బిగించి స్విచ్ నొక్కాను. దీపం లేదు, చప్పుడు లేదు.

అప్పుడు కంగారులో చేయకూడని పనులన్నీ చేశాను. కనిపించిన ప్రతి వైరూ పీకి మళ్లీ గుచ్చాను. చివరికి పెట్టెను చంటిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వీధి చివర రిపేరు షాపుకి తీసుకెళ్లాను. షాపులో జనం ఉన్నారు. అతను రేకు తీసి లోపలికి చూసి అడిగాడు.

"ఎవరు సార్ తుడిచింది?"

"నేనే."

"కొత్త పెళ్లికొడుకులా ఉంది. వెనక మెయిన్ స్విచ్ మాత్రం ఆఫ్‌లో పెట్టేశారు."

స్విచ్ వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. నా ప్రాణం లేచొచ్చింది. కానీ తెర మీద బొమ్మ రాలేదు. రెండు మూడు సార్లు చూశాడు.

"బోర్డు పోయింది సార్. పాతది, ఇప్పుడు ఎక్కడా దొరకదు. కొత్తది కొనుక్కోండి."

"లోపల ఉన్న ఫైళ్లు?"

"డిస్కుకు తాళం ఉంది. ఆ తాళం ఈ బోర్డుతోనే తెరుచుకుంటుంది. మేడం గారు జాగ్రత్త మనిషి అనుకుంటాను."

అవునన్నాను. పెట్టె ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ డిస్కులో ఏముందో మీకు కొంత తెలుసు. చూపులేని పిల్లల బడికి తను మ్యాపులు గీసేది. నల్ల గీతలతో గీసి, ఒక రకం కాగితం మీద అచ్చు తీసి, వేడి మిషనులోంచి పంపితే గీతలు పైకి ఉబ్బుతాయి. పిల్లలు వేళ్లతో తడిమి ఏ గది ఎక్కడుందో నేర్చుకుంటారు. బడి ఇప్పుడు కొత్త భవనంలోకి మారుతోంది. దాని మ్యాపు తను పై అంతస్తు దాకా వచ్చి ఆపింది. దాని నకలు ఎక్కడా లేదు. వచ్చే నెల బడి తెరిచేసరికి మ్యాపు లేకపోతే, పిల్లలందరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కొత్త వరండాల్లో నడవాలి. అలా నడిపించకూడదనే తను ఈ పని మొదలుపెట్టింది.

ఇక మీకు చెప్పని మాట. అసలు దాన్ని ఎందుకు తుడిచానంటే, బడికి ఇచ్చేద్దామని. పెట్టె, తెర, బల్ల, అన్నీ. హెడ్ మేడంకి మాట ఇచ్చేశాను. బండి పంపిస్తానన్నారు. తను పోయాక ఆ గది చూడలేక, ఖాళీ చేసి తాళం వేద్దామనుకున్నాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దంటారని కాదు. సరేనంటారేమోనని.

మీ అల్లుడు


శనివారం

మామయ్య గారికి,

నా ఉత్తరం నాకే తిరిగొచ్చింది, మీ లెక్కల మాస్టారి ఎర్ర సిరా దిద్దుళ్లతో. పరీక్ష పేపరు అందుకున్న పిల్లాడిలా గుమ్మంలోనే నిలబడి చదివాను. "బోర్డు పోయింది" దగ్గర "నిరూపణ ఏది?" అని రాశారు. "కనిపించిన ప్రతి వైరూ పీకి" దగ్గర మార్కులు కొట్టేశారు. బడికి ఇచ్చేద్దామన్న చోట కింద రెండు గీతలు గీశారు, ఏమీ రాయలేదు. అదే ఎక్కువసేపు చూశాను.

చివర మీరు రాసిన ముక్క మానిటరు అంచుకు అతికించుకున్నాను. "అల్లుడూ, కంప్యూటర్ల గురించి నాకు ఓనమాలు రావు. లెక్క మాత్రం వచ్చు. శుక్రవారం పనిచేసింది. శనివారం పనిచేయలేదు. మధ్యలో చేయి పెట్టింది నువ్వొక్కడివే. కాబట్టి చెడిపోయిందనుకోకు, మార్చావనుకో. ఏం మార్చావో వెతుకు. తడవకు ఒక్కటే మార్చి చూడు. రెండు మార్చావంటే నీకు సున్నా."

అత్తయ్య గారు అంచున రాసింది కూడా చదివాను. నా ఉత్తరం వచ్చిన దగ్గరనుంచి మీరు టేబుల్ ఫ్యాను ఊడదీసి పరిశోధన చేస్తున్నారని, అది మళ్లీ తిరిగితే నాకు కబురు చేస్తానని. మన్నించండి అత్తయ్య గారూ.

మామయ్య గారి మాట ప్రకారం మొదలుపెట్టాను. పెట్టెను నేల మీద పక్కకు పడుకోబెట్టి, రేకు తీసి, దీపం దగ్గర పెట్టుకున్నాను. నేను ఏం మార్చాను? దుమ్ము తీశాను, దుమ్ము లేనందువల్ల ఏదీ ఆగదు. కార్డు తీసి పెట్టాను. వైర్లు సర్దాను. ముందు వైర్లు పట్టుకున్నాను. నేను కట్టిన కట్టలు ఒక్కొక్కటీ కత్తిరించాను. ఎంత నీటుగా కట్టానంటే, కత్తెర పెట్టడానికి చేయి రాలేదు. మూడో కట్టలో, ఎక్కడా వాడని వైర్ల మధ్య, నాలుగు చిల్లుల ప్లగ్గు ఒకటి ఉంది. దానికి సరిపోయే గూడు ఎక్కడుందా అని బోర్డంతా వెతికితే, మూలన, ప్రాసెసరు పక్కనే ఖాళీగా కనిపించింది. ప్రాసెసరుకు కరెంటు ఇచ్చే వైరే అది. చిక్కు తీసేటప్పుడు ఊడొస్తే, అదనపు వైరనుకుని నేను మూట కట్టేశాను. ఆ మూట చూసి షాపతను కూడా అదనపు వైరే అనుకుని ఉంటాడు.

గుచ్చాను. స్విచ్ నొక్కాను. బొమ్మ వచ్చింది.

మామయ్య గారూ, తెర మీద తన పేరు వచ్చింది. పాస్‌వర్డు అడిగింది. నాకు తెలుసు, కొట్టలేదు. ముందు అన్నీ పద్ధతిగా పెడదామనుకున్నాను. ఆపేశాను. రేకు బిగించాను. పెట్టెను నిలబెట్టి, బల్ల కింద దాని చోటులో, అంచుకు అంచు సరిగ్గా చేర్చి పెట్టాను. మళ్లీ స్విచ్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది.

ఆ వైరు ఊడిందేమోనని రేకు విప్పి చూశాను. గట్టిగానే ఉంది. మళ్లీ పడుకోబెట్టాను. ఈసారి పడుకోబెట్టినా రాలేదు. ఫైళ్లు ముందు కాపీ తీయాలన్న బుద్ధి ఎవరికైనా ఉంటుంది. నాకు మాత్రం అంచులు సరిచేయాలనిపించింది.

పక్కింటి కుట్టు మిషను వదిన గారు కాఫీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమైంది అన్నయ్య గారూ, ఇంకా లేవలేదా?"

"లేచింది. మళ్లీ పడుకుంది."

"మా ఆయన కూడా ఆదివారం అంతే" అని గ్లాసు నా చేతిలో పెట్టి వెళ్లారు. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది.

రేపు హెడ్ మేడం ఇంటికి వెళ్లి చెప్పేస్తాను, మ్యాపు ఇక లేదని. కనీసం వాళ్లు ఇంకొకరిని వెతుక్కుంటారు. అబద్ధపు ఆశ పెట్టడం నాకు చేతకాదు. మీకు కూడా అదే చెబుతున్నాను.

మీ అల్లుడు


గురువారం

మామయ్య గారికి, అత్తయ్య గారికి,

ముందు ఫలితం, తర్వాత సోపానాలు. కంప్యూటరు నడుస్తోంది. నిలబడి నడుస్తోంది.

మీ కార్డు ఇవాళ అందింది. "పడుకుంటే బతికింది, నిలబడితే పోయింది. తేడా ఏమిటి? బరువు. ఏదో కిందికి వేలాడుతోంది" అని ఎర్ర సిరాతో రాశారు. మామయ్య గారూ, క్షమించాలి. మీ కార్డు రాకముందే నేను ఆ సమాధానానికి వచ్చేశాను. ఈ పరీక్షలో నేను పాసు. కావాలంటే కార్డు మీద పోస్టాఫీసు ముద్ర చూపిస్తాను, నేను ఆదివారమే గెలిచాను.

ఎలా అంటారా. ఆదివారం హెడ్ మేడం దగ్గరికి వెళ్లడానికి చొక్కా వేసుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను. గుమ్మం దాటబోతూ మళ్లీ గదిలోకి వెళ్లాను. చెప్పబోయే మాటకు నిరూపణ ఏదని మీరు అడుగుతారు కదా. పడుకోబెట్టినప్పుడు ఒకసారి వచ్చింది, రెండోసారి రాలేదు. బోర్డు పోయి ఉంటే ఆ ఒక్కసారి మాత్రం ఎందుకు వస్తుంది?

చెప్పులు విడిచి కూర్చున్నాను. పెట్టెను నిలబెట్టే ఉంచి, రేకు తీసి, పక్కనుంచి కన్ను ఆనించి చూశాను. తెరకు బొమ్మ పంపే కార్డు పెద్దది, ఇటుక అంత బరువు. ఒక చివర బోర్డులోకి గుచ్చి ఉంటుంది, రెండో చివర గాలిలో. ఆ రెండో చివర కిందికి వంగి, మొదటి చివర గూట్లోంచి కాస్త లేచి ఉంది, అందుకే రెండోసారి పడుకోబెట్టినా రాలేదు. వంపు చాలా కొంచెం. మూతల వంకర పట్టుకోవడమే నా ఉద్యోగం కాబట్టి కనిపించింది. వేలితో ఆ చివరను పైకి ఎత్తి, రెండో చేత్తో స్విచ్ నొక్కాను. బొమ్మ వచ్చింది. ఆపి, వేలు తీసి నొక్కాను. పోయింది. మళ్లీ ఎత్తి నొక్కాను. వచ్చింది. తడవకు ఒక్కటే మార్చాను మామయ్య గారూ.

మరి శుక్రవారం దాకా దాన్ని ఎవరు ఎత్తి పట్టుకున్నారు?

అప్పుడు గుర్తొచ్చింది. తుడిచేటప్పుడు ఆ కార్డు కింద ఒక కాగితం ముక్క దొరికింది. తన మ్యాపు కాగితమే, చిన్నగా మడతపెట్టి, నలిగి, బూడిదరంగు తిరిగి ఉంది. ఎక్కడినుంచో ఎగిరి పడిందనుకున్నాను. పెట్టెలో ఉండకూడనిది ఏదైనా కనిపిస్తే తీసి పారేయడం నా బతుకంతా చేసిన పని. మందుల పెట్టెలో అదనపు కాగితం ఉంటే ఆ పెట్టె పనికిరాదు. ఆలోచించకుండా చెత్తబుట్టలో వేశాను. చెత్త బండి ఆ రోజే తీసుకెళ్లింది.

అది తన పని. ఎప్పుడో ఒకనాడు తెర నల్లబడి ఉంటుంది. నాతో అనలేదు. షాపుకి వెళ్లలేదు. చేతిలో ఉన్న కాగితం మడిచి, కార్డు కింద దోపి, పని చేసుకుంటూ పోయింది. ఇన్నేళ్లూ ఈ కంప్యూటరు ఆ మడత మీద నిలబడింది. తెలిసి ఉంటే నేను ఏమనేవాణ్నో నాకు తెలుసు. ఇదేం పద్ధతి, సరైన ఆధారం కొనుక్కురావచ్చు కదా అనేవాణ్ని. అందుకే చెప్పి ఉండదు. మీ అమ్మాయి తెలివి మీకు తెలిసిందే.

నేనూ అలాగే చేశాను. ఇంట్లో ఉన్న మాత్రల అట్టపెట్టె కత్తిరించి, మడిచి, మడతలు సరిచూసి, కార్డు కింద దోపాను. నిలబెట్టాను. నొక్కాను. వచ్చింది. బల్ల కింద పెట్టాను. వచ్చింది. ఆపి, నడుం వాల్చి, లేచి, నొక్కాను. వచ్చింది. ఇక ఈసారి అంచులు సరిచేయలేదు. ముందు కాపీ తీశాను. మూడు చోట్ల.

తర్వాత మ్యాపు తెరిచాను. కింది అంతస్తు పూర్తి. మధ్య అంతస్తు పూర్తి. పై అంతస్తులో మెట్లు ఎక్కగానే ఎడమవైపు వరండా సగం దాకా గీత వచ్చి, అక్కడ ఆగింది. మౌస్ అక్కడే పెట్టి లేచి వెళ్లినట్టుంది. కుర్చీ తన ఎత్తుకు ఉండి నా మోకాళ్లు బల్లకు కొట్టుకుంటున్నాయి. లివరు లాగి కుర్చీ పైకి లేపుకున్నాను. ఆ పని ఇంతకాలం చేయలేకపోయాను.

హెడ్ మేడంకి ఫోను చేసి, మ్యాపు ఉందన్నాను. అయితే పై అంతస్తు ఎవరు పూర్తి చేస్తారని అడిగారు. నేను చేస్తానని నా నోట వచ్చేసింది. ఎలా చేస్తానో నాకు తెలియదు. కొలత టేపు మాత్రం జేబులో పెట్టుకున్నాను.

గెలిచిన మీ అల్లుడు


ఆదివారం

మామయ్య గారికి, అత్తయ్య గారికి,

నిన్న బడి కొత్త భవనంలో మ్యాపు పరీక్ష జరిగింది. పూర్తిగా రాస్తాను. మామయ్య గారు మధ్యలో ఎర్ర కలం తీయకుండా చివరిదాకా చదవాలి.

ఈ పది రోజులూ పై అంతస్తు కొలిచాను. టేపు ఒక కొస తాపీ మేస్త్రీ పట్టుకునేవాడు, ఇంకో కొస నేను. ఇంటికి వచ్చి, తను గీసిన కింది అంతస్తు ఫైలు పక్కన పెట్టుకుని, అది చూస్తూ ఇది గీశాను. గోడకు లావు గీత. మెట్లకు వరసగా అడ్డగీతలు. చుక్కలు దట్టంగా ఎక్కడుంటే అక్కడ ఆగాలి, అది పిట్టగోడకు గుర్తు. మొదట్లో ఒక గోడకు పూటంతా పట్టింది. గీసిందంతా ఒకే నొక్కుతో పోగొట్టుకుని, మళ్లీ ఒకే నొక్కుతో వెనక్కి తెచ్చుకోవడం కూడా నేర్చుకున్నాను.

అచ్చు తీసి ముందుగా ఇన్‌స్పెక్టరమ్మకు చూపించాను. ఆవిడ ఆ బడిలో టీచరు. పుట్టుకతో చూపు లేదు. మీ అమ్మాయి గీసిన ప్రతి కాగితమూ ఆవిడ వేలి కింద నలిగి, తిట్లు తిని, ఇంటికి వచ్చేది. అందుకే తను ఆ పేరు పెట్టింది. ఆవిడకు ఆ పేరు తెలుసు, గర్వంగానే ఉంటారు.

ఆవిడ వేలు కాగితం మీద నడిచింది. కింది అంతస్తంతా తల ఊపుతూ పోయారు. పైకి వచ్చేసరికి ఆగారు.

"ఇది ఎవరు గీశారు?"

"నేనే అండీ."

"అనుకున్నాను. మిమ్మల్ని ఈ అంతస్తులోకి ఎవరూ రానివ్వరా?"

"అంటే?"

"తలుపులేవి? అన్నీ గోడలే. మీ ఆవిడ తలుపు దగ్గర సందు వదిలేది. వేలు దూరితే తలుపు, దూరకపోతే గోడ. మీరు ప్రతి తలుపుకూ అందంగా గీత గీసి మూసేశారు."

"చూడ్డానికి నీటుగా ఉంటుందని..."

"ఎవరు చూస్తారండీ?"

పక్కనున్న హెడ్ మేడం నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. నేను కాగితం తీసుకుని ఇంటికి వచ్చి తలుపులన్నీ తెరిచాను. ఒక్కో సందు దగ్గర నా వేలు పెట్టి, కళ్లు మూసుకుని చూశాను. రెండు సందులు ఇరుగ్గా ఉంటే వెడల్పు చేశాను.

నిన్న ఆ కొత్త కాగితంతో వెళ్లాను. ఇన్‌స్పెక్టరమ్మ పై అంతస్తుకు ఎప్పుడూ ఎక్కలేదు. సిమెంటు పని అవుతోందని ఎవరినీ పైకి పోనివ్వలేదు. హెడ్ మేడం తోడు వస్తానన్నారు. వద్దన్నారు ఆవిడ. మెట్ల మొదట్లో నిలబడి కాగితం తడిమారు, చాలాసేపు. తర్వాత మడిచి నా చేతికి ఇచ్చేశారు.

"మీరు వెనక రండి. నేను పడితే మీ మీదే పడాలి, తప్పు మీది కాబట్టి."

మెట్లెక్కారు. పైన ఎడమకు తిరిగారు. తను గీత ఆపిన చోటు దాకా నేను ఊపిరి తీసుకుంటూనే ఉన్నాను. అక్కడినుంచి నాది. ఆవిడ అడుగు తడబడలేదు. పిట్టగోడకు ఒక అడుగు ముందు ఆగి, దాని మీద చేయి వేసి, తిరిగి, వరండా వెంట నడిచారు. ఒక తలుపు దాటారు. ఇంకో తలుపు దాటారు. మూడో దాని దగ్గర ఆగి, చేయి చాచి, గడియ తీశారు. లోపల కొత్త సున్నం వాసన, కిటికీలోంచి గాలి.

"లైబ్రరీ" అన్నారు ఆవిడ.

లైబ్రరీయే. ఇంకా ఒక్క పుస్తకం కూడా పెట్టలేదు. గది పేరు కూడా గోడ మీద లేదు. ఆవిడ ఖాళీ గది మధ్యకు వెళ్లి గట్టిగా చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు ఎంత దూరం పోతుందో విన్నారు. "పెద్దదే" అన్నారు తృప్తిగా. హెడ్ మేడం కూడా చప్పట్లు కొట్టారు. తాపీ మేస్త్రీ తాపీ కింద పెట్టి తనూ కొట్టాడు. ఎందుకో అతనికి సరిగ్గా తెలియదు. మామయ్య గారూ, మీకు వినపడేంత గట్టిగా కొట్టారు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

బడి తెరిచే రోజున ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ ఒక కాగితం. ఎవరూ ఎవరి భుజమూ పట్టుకోరు.

కిందికి దిగుతుంటే హెడ్ మేడం అడిగారు, బండి ఖాళీగానే ఉంది, మీ ఇంటికి పంపించి కంప్యూటరు తెప్పించుకోనా అని. మాట ఇచ్చింది నేనే. గది తాళం కూడా కొనిపెట్టాను. అయినా ఇవ్వనన్నాను. అది నాకు కావాలన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. ఇన్‌స్పెక్టరమ్మ అడిగారు.

"ఎందుకు, ఏం చేసుకుంటారు?"

"మీతో తిట్లు తినడానికి."

"అలా అయితే మంచిదే. కింద చేతులు కడిగే పంపులు అవతలి గోడకు మారుస్తున్నారు. సోమవారం పొద్దున్నే టేపు పట్టుకుని రండి. ఆలస్యం చేస్తే ఇంకో అంతస్తు కట్టిస్తాను."

మామయ్య గారూ, మొదటి ఉత్తరంలో మీరు రెండు గీతలు గీసి ఏమీ రాయలేదు. ఇప్పుడు ఏమైనా రాయండి. జవాబు కోసం చూస్తుంటాను. కానీ వచ్చిన రోజు సాయంత్రమే చదువుతాను. పగలు నాకు పని ఉంది.

మీ అల్లుడు, మ్యాపులు గీసేవాడు